ఒక పైసా పత్రిక, మారికుప్పం రైలు: పండిత అయోతీదాస్ జీవితం

తెల్లవారకముందే మారికుప్పం స్టేషన్ నిండిపోతుంది. టిఫిన్ క్యారియర్లు, భుజాన సంచులు, మెడలో ఐడీ కార్డులు. సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్ మహిళలు, నర్సులు, కాల్ సెంటర్ పిల్లలు, ఇంజనీరింగ్ చదివి చిన్న కంపెనీలో చేరినవాళ్లు అందరూ ఇక్కడే ఎక్కుతారు. చాంపియన్ రీఫ్, ఊరిగాం, కోరమాండల్ స్టేషన్లు దాటేసరికి నిలబడటానికి కూడా చోటుండదు. రెండు గంటలకు పైగా ప్రయాణం చేసి బెంగళూరులో దిగుతారు. రాత్రి మళ్లీ అదే రైలు. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ తర్వాత ఈ ఊరు బతుకుతున్నది ఈ పట్టాల మీదే. కాగితం మీద ఇది వేరే జిల్లా, వేరే మున్సిపాలిటీ. బతుకులో మాత్రం బెంగళూరు మహానగరం ఈ ఊరిని ఎప్పుడో మింగేసింది. ఒకప్పుడు భూమిలోకి దిగిన కూలీల మనవళ్లు ఇప్పుడు గాజు మేడల లిఫ్టుల్లో పైకి వెళ్తున్నారు, అదీ ఎక్కువ మంది చీపుళ్లు పట్టుకునో, కాపలా యూనిఫాం వేసుకునో.

తెలుగు పాఠకులకు కేజీఎఫ్ అంటే ఇప్పుడు సినిమా. ఆ సినిమాలో ధూళి ఉంది, సుత్తి ఉంది, బానిసలున్నారు, ఒక వీరుడున్నాడు. కులం మాత్రం లేదు. నిజమైన కేజీఎఫ్‌లో భూమి అడుగున పనిచేసిన వాళ్లలో అత్యధికులు దళితులు. ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన తమిళ పరయర్లు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగు మాల మాదిగలు. వాళ్ల కోసం సినిమా తీయాలంటే కథానాయకుడి కోసం వెతుక్కోనక్కర్లేదు. నూట పదేళ్ల కింద చనిపోయిన ఒక సిద్ధ వైద్యుడు ఉన్నాడు. ఆయన ఎప్పుడూ గనిలోకి దిగలేదు, ఈ ఊళ్లో కాపురం పెట్టలేదు. కానీ ఆయన రాసిన కాగితాలు ప్రతివారం ఈ స్టేషన్‌కు చేరేవి. ఆయనే పండిత అయోతీదాస్.

మేం ఆయన పేరు మొదట విన్నది విశ్వవిద్యాలయంలో, ఒక తమిళ మిత్రుడి నోట. అంబేడ్కర్‌ను, ఫూలేను, భాగ్యరెడ్డి వర్మను చదువుకుని వచ్చిన మాకు పక్క రాష్ట్రంలో, అంబేడ్కర్ కన్నా అర్ధ శతాబ్దం ముందు, అంటరానివాళ్లు పూర్వ బౌద్ధులని వాదించి, కొలంబో వెళ్లి దీక్ష తీసుకున్న మనిషి ఒకరున్నారని తెలియదు. తెలియకపోవడం మా ఒక్కరి తప్పు కాదనుకుంటాం. తమిళులకే చాలాకాలం తెలియదు.

ఆయన 1845 మే 20న పుట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు కాత్తవరాయన్. అది ఒక గ్రామ దేవత పేరు. తమిళ ఊళ్లలో మన పోతురాజులాగా ఊరి బయట నిలబడే వీరుడు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. తాత కందప్పన్ ఒక ఇంగ్లీషు దొర దగ్గర బట్లరు. ఆ ఇంట్లో తరతరాలుగా దాచుకున్న తాళపత్రాలు ఉండేవట. వాటిలో తిరుక్కురళ్ ఒకటి. తాత ఆ పత్రాలను తన దొర ద్వారా ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్‌కు అందజేశాడని, అచ్చులోకి ఆ గ్రంథం రావడానికి అది తోడ్పడిందని అయోతీదాసే తర్వాత రాశారు. ఎల్లిస్ మనకూ తెలిసిన పేరే. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబానికి చెందినదని 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాటలో వాదించిన అధికారి ఆయనే. అంటరానివాడి ఇంట్లో గ్రంథాలా అని ఆశ్చర్యపోయేవాళ్లు ఇవాళ కూడా ఉన్నారు. అయోతీదాస్ జీవితమంతా ఆ ఆశ్చర్యానికే జవాబు చెప్పారు. మా ఇంట్లో చదువు కొత్తగా రాలేదు, ఉన్నదాన్ని మీరు దొంగిలించారు అన్నది ఆయన వాదన సారాంశం.

గురువు దగ్గర తమిళం, సిద్ధ వైద్యం నేర్చుకున్నారు. సంస్కృతం, పాళీ, ఇంగ్లీషు కూడా పట్టుబడ్డాయి. గురువు మీద గౌరవంతో ఆయన పేరే తన పేరుగా పెట్టుకున్నారు. అలా కాత్తవరాయన్ అయోతీదాస్ అయ్యారు. కుటుంబం నీలగిరులకు మారింది. అక్కడ వైద్యం చేసుకుంటూ, తోడా గిరిజనుల మధ్య తిరుగుతూ, 1870లలో అద్వైతానంద సభ అని ఒకటి పెట్టారు. ఆత్మకు కులం లేదన్న అద్వైతం మాటను ఆయన ఆ రోజుల్లో నమ్మారు. పెద్దకొడుకు పేరు పట్టాభిరామన్. తర్వాతి కాలంలో రామాయణాన్ని, పురాణాలను చీల్చి చెండాడిన మనిషి ఇంట్లో రాముడి పేరున్న కొడుకు తిరిగాడు. మహానుభావులు పుట్టుకతోనే సిద్ధాంతంతో వస్తారని రాసే జీవితచరిత్రలు మనకు చాలా ఉన్నాయి. ఈయన అలా కాదు. నలభై దాటాక కూడా దారి వెతుక్కుంటూనే ఉన్నారు. రెట్టమలై శ్రీనివాసన్ ఆయన బావమరిది. తర్వాత రౌండ్ టేబుల్ సమావేశాలకు అంబేడ్కర్‌తో పాటు వెళ్లినాయన. ఇద్దరికీ చుట్టరికం ఉంది, కానీ పరయన్ అన్న పేరు దగ్గర ఇద్దరికీ కుదరలేదు. శ్రీనివాసన్ ఆ పేరునే తలకెత్తుకుని 1893లో పరయన్ పేరుతో పత్రిక పెట్టారు. అయోతీదాస్‌కు ఆ మాట శత్రువు అంటించిన బురద. దాన్ని కడుక్కోవాలి తప్ప జెండాగా ఎగరెయ్యకూడదని ఆయన పట్టు. మాల, మాదిగ అన్న పేర్లను ఇంటిపేరు పక్కన గర్వంగా రాసుకునే మన తరానికి ఈ తగువు కొత్త కాదు.

క్రైస్తవ బోధకుడు జాన్ రత్నంతో కలిసి 1885లో ద్రావిడ పాండ్యన్ పత్రిక నడిపారు. 1886లో అంటరానివాళ్లు హిందువులు కారని బహిరంగంగా ప్రకటించారు. జనాభా లెక్కల్లో తమను కులం లేని ద్రావిడులుగా రాయాలని అడిగారు. ద్రావిడ అన్న మాటకు తర్వాత ఎంతమంది వారసులు పుట్టుకొచ్చారో మనకు తెలుసు. దాన్ని రాజకీయ పదంగా మొదట వాడినవాళ్లలో ఈ వైద్యుడు ఉన్నాడన్న సంగతి ఆ వారసుల్లో చాలామంది చాలా ఏళ్లు చెప్పలేదు.

1891 డిసెంబరు 1న నీలగిరుల్లో ద్రావిడ మహాజన సభ తొలి సమావేశం జరిపారు. పది డిమాండ్లు తీర్మానించారు. అవి ఇప్పుడు చదివితే గుండె కలుక్కుమంటుంది, ఎందుకంటే కొన్ని ఇంకా పాతబడలేదు. కులం పేరుతో తిట్టడాన్ని నేరంగా పరిగణించాలి. పిల్లలకు బడులు కావాలి, ఉపకార వేతనాలు కావాలి. చదువుకున్నవాళ్లకు సర్కారు కొలువు కావాలి. ఊరి చెరువు, బావి నీళ్లు అందరివీ కావాలి. స్థానిక సంస్థల్లో ప్రాతినిధ్యం కావాలి. జైళ్లలో నీచమైన పనులు తమ జాతికే అప్పగించే నియమం పోవాలి. ఈ చివరిది చూడండి. జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చింది 2024 అక్టోబరు 3న. నూట ముప్పై మూడేళ్లు పట్టింది.

ఆ మరుసటి ఏడాది, 1892లో, మద్రాసు విక్టోరియా టౌన్‌హాల్‌లో మహాజన సభ సమావేశం జరిగింది. కాంగ్రెస్ రాజకీయాల పెద్దలందరూ ఉన్న సభ. నీలగిరుల ప్రతినిధిగా అయోతీదాస్ వెళ్లారు. శివాలయాల్లోకీ విష్ణ్వాలయాల్లోకీ మమ్మల్ని ఎందుకు రానివ్వరని అడిగారు. సభ భగ్గుమంది. శివనామ శాస్త్రి అనే ఆయన లేచి, మీకు మీ దేవుళ్లు ఉన్నారు కదా, కాత్తవరాయడు, మదురై వీరన్ లాంటివాళ్లు, శివుడూ విష్ణువూ మీవాళ్లు కారు అన్న అర్థంలో జవాబిచ్చాడు. ఆ శాస్త్రికి తెలుసో తెలియదో గానీ, తన ఎదుట నిలబడ్డ మనిషి అసలు పేరే కాత్తవరాయన్. అలాగైతే మీ దేవుళ్లు మాకొద్దు, మా పిల్లలకు నాలుగో తరగతి దాకా ఉచిత చదువు ఇప్పించండి, ఊళ్లలో ఖాళీగా పడి ఉన్న భూములు మా వాళ్లకు ఇప్పించండి అని ఆయన అడిగారు. ఆ రెండూ తీర్మానాలుగా ఆమోదం పొందాయి. గుడిని వదిలేసి బడినీ భూమినీ పట్టుకున్న క్షణం అది. మా లెక్కలో అయోతీదాస్ జీవితం రెండుగా చీలేది ఇక్కడే, కొలంబోలో కాదు.

కొలంబో సంగతి చాలామంది రాశారు కాబట్టి త్వరగా చెప్పుకుందాం. దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు కల్నల్ ఆల్కాట్ 1894లో అడయారు దగ్గర పంచమ పిల్లలకు ఉచిత బడి తెరిచాడు. తర్వాత మరికొన్ని వచ్చాయి, వాటిలో ఒకదానికి తిరువళ్లువర్ పేరు పెట్టారు. అయోతీదాస్ ఈ పనిలో తోడున్నారు. తమ పూర్వీకులు బౌద్ధులని, ఆ ధర్మంలోకి తిరిగి వెళ్లేందుకు సాయం చేయమని ఆల్కాట్‌ను కోరారు. 1898 జూలైలో ఆల్కాట్‌తో పాటు అయోతీదాస్, బడిపంతులు కృష్ణస్వామి కొలంబో వెళ్లి సుమంగళ మహానాయక థేరుడి దగ్గర పంచశీల స్వీకరించారు. తిరిగొచ్చి అదే ఏడాది మద్రాసు రాయపేటలో శాక్య బౌద్ధ సంఘం పెట్టారు. ఆల్కాట్ 1907లో చనిపోయాడు, సమాజం పగ్గాలు అనీబిసెంట్ చేతికి వెళ్లాయి. అంటరాని పిల్లలను మిగతా పిల్లల పక్కన కూర్చోబెట్టడం మీద ఆమెకున్న అభ్యంతరాలు తెలిసినవే. అయోతీదాస్‌కు ఆ గుంపుతో ఇక పని లేకపోయింది.

రాయపేట సంఘంలో మనవాడు అనిపించే ఒకాయన ఉన్నారు, పోకల లక్ష్మీనరసు. సైన్సు అధ్యాపకుడు, హేతువాది. 1907లో ఇంగ్లీషులో ఆయన రాసిన బౌద్ధసార గ్రంథాన్ని 1948లో అంబేడ్కర్ తన ముందుమాటతో తిరిగి అచ్చు వేయించారు. నరసు బౌద్ధం ప్రయోగశాల నుంచి వచ్చింది, అయోతీదాస్ బౌద్ధం తాళపత్రాల నుంచి, వెలివాడ పండగల నుంచి వచ్చింది. ఒకే గదిలో కూర్చున్నా ఇద్దరి దారులు వేరు. ఆధారం చూపించమని అడిగే చదువుకున్న బౌద్ధులకు, పాత పద్యానికి కొత్త అర్థం చెప్పే ఈ పండితుడికి మధ్య చిటపటలు ఉండేవి. పరిశోధన చేసే మాకు మొదట్లో నరసు పక్షమే సబబనిపించింది. ఇప్పుడంత తొందరగా చెప్పలేం.

ఎందుకంటే అయోతీదాస్ చేసిన పని వేరు. 1907 జూన్ 19, బుధవారం నాడు రాయపేట నుంచి ఆయన వారపత్రిక మొదలైంది. నాలుగు పేజీలు. వెల ఒక పైసా. పేరే ఒరు పైసా తమిళన్, అంటే ఒక పైసా తమిళుడు. ఏడాది తర్వాత పాఠకుల కోరిక మీద పైసాను పేరులోంచి తీసేసి తమిళన్ అని ఉంచారు. ఇందులో ప్రభుత్వ ఉత్తర్వుల మీద వ్యాఖ్య ఉండేది, వ్యవసాయం ఉండేది, మందుల చిట్కాలు ఉండేవి, పాఠకుల ప్రశ్నలకు జవాబులు ఉండేవి. వీటన్నిటి మధ్య చరిత్రను తిరగరాసే వ్యాసాలు వరసగా వచ్చేవి. ఈ దేశం ఇంద్ర దేశమని, ఐదు ఇంద్రియాలను గెలిచిన బుద్ధుడే ఆ ఇంద్రుడని ఆయన చెప్పారు. జ్ఞానంతో, నడవడితో బ్రాహ్మణులైనవాళ్లు నిజమైన బ్రాహ్మణులని, బయటి నుంచి వచ్చి వాళ్ల వేషం వేసుకుని గ్రంథాలనూ భూములనూ ఆక్రమించినవాళ్లు వేష బ్రాహ్మణులని రాశారు. ఆ మోసాన్ని ఎదిరించిన బౌద్ధులనే పరయర్లని పేరు పెట్టి ఊరి బయటకు నెట్టారన్నారు. నందనార్ కథ మనందరికీ తెలిసినదే, చిదంబరం నటరాజును చూడాలని తపించి నిప్పుల్లో దూకిన పాలేరు భక్తుడు. అయోతీదాస్ రాతల్లో నందన్ పాలేరు కాదు, మోసంతో చంపబడ్డ బౌద్ధ రాజు. దీపావళి నరకాసురుడి చావు కాదు, బౌద్ధ భిక్షువులు నువ్వుల నుంచి నూనె తీయడం కనిపెట్టి లోకానికి చెప్పిన రోజు.

ఇదంతా రుజువయ్యే చరిత్రా? కాదు. ఆయన పదవ్యుత్పత్తులు చాలా చోట్ల భాషాశాస్త్రం ముందు నిలబడవు. ఈ సంగతి దాచిపెట్టి ఆయనను పొగడటం మాకిష్టం లేదు. కానీ 1948లో అంబేడ్కర్ అస్పృశ్యుల గురించి రాసిన పుస్తకంలో, వాళ్లు బౌద్ధాన్ని వదలని చెదిరిన జనమని, అందుకే వెలి వేశారని సిద్ధాంతం చేసినప్పుడు, దాని పోలికలు నలభై ఏళ్ల ముందటి పైసా పత్రికలో కనబడతాయి. ఇద్దరూ వేర్వేరు దారుల్లో ఒకే ప్రశ్న దగ్గరకు వచ్చారు. మేం ఎప్పుడు ఎలా అంటరానివాళ్లమయ్యాం? దానికి పుట్టుక జవాబు కాదు, చరిత్ర జవాబు. మన దగ్గర 1917లో బెజవాడ పంచమ సభ భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగి, మేం పంచములం కాదు, ఆది ఆంధ్రులం అని తేల్చింది కూడా ఆ కోవలోనిదే. వర్మ హైదరాబాదులో బుద్ధ జయంతి జరిపించిన సంగతి కూడా ఇక్కడ తలచుకోవాలి.

ఇప్పుడు మారికుప్పం రైలుకు తిరిగి వద్దాం. పైసా పత్రికను ఎవరు చదివారు?

కోలారు గనుల చరిత్ర క్లుప్తంగా ఇది. లావెల్ అనే మాజీ సైనికుడు 1873లో మైసూరు ప్రభుత్వం దగ్గర తవ్వకానికి అనుమతి పొందాడు. 1880ల నుంచి జాన్ టేలర్ కంపెనీ పెత్తనం మొదలైంది. 1894లో బౌరింగ్‌పేట, అంటే ఇప్పటి బంగారుపేట నుంచి మారికుప్పం దాకా పట్టాలు వేశారు. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. దేశంలో మహానగరాలే చీకట్లో ఉన్న రోజుల్లో ఇక్కడ యంత్రాలకు, దొరల బంగళాలకు దీపాలు వెలిగాయి. కూలీలు మాత్రం వెదురు తడికెల గుడిసెల వరసల్లో ఉండేవారు. గని లోతు పెరిగేకొద్దీ వేడి పెరిగేది, ఒత్తిడికి బండలు పేలేవి. బతికి బయటపడ్డవాళ్ల ఊపిరితిత్తుల్లోకి రాతి పొడి చేరేది. చాంపియన్ రీఫ్ గని చివరికి మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్లింది. ఆ లోతుకు దిగడానికి ఊళ్లో భూమి ఉన్నవాడు రాడు. కరువు, అప్పు, ఆసామి చెర్నాకోల వీటి నుంచి పారిపోయి వచ్చిన దళితులే వచ్చారు.

ఇక్కడే ఒక విచిత్రం జరిగింది. భయంకరమైన పని, కానీ చేతికి నెలనెలా నగదు కూలి. ఊళ్లో లాగా ఆసామి ముందు చెప్పులు విప్పనక్కర్లేదు. కంపెనీ దొర కూలీని మనిషిగా చూడలేదు, నిజమే. కానీ ఊరి కట్టుబాటు ఇక్కడ తన పాత రూపంలో పని చేయలేదు. చేతిలో పైసా ఉన్న అంటరానివాడు ఆ పైసా పెట్టి పత్రిక కొన్నాడు. మారికుప్పంలో శాక్య బౌద్ధ సంఘం శాఖ వెలిసింది. ఎం.వై. మురుగేశర్ లాంటివాళ్లు దాన్ని నిలబెట్టారు. చాంపియన్ రీఫ్‌లోనూ సంఘం నడిచింది. ఆదివారాలు ఉపన్యాసాలు. చదవడం వచ్చినవాడు బిగ్గరగా చదివితే రానివాళ్లు చుట్టూ కూర్చుని వినేవాళ్లు. పెళ్లిళ్లు బౌద్ధ పద్ధతిలో, బ్రాహ్మణ పురోహితుడు లేకుండా జరిగేవి. చావులూ అంతే. 1911 జనాభా లెక్కల్లో బౌద్ధులమని రాయించుకోమని అయోతీదాస్ పత్రికలో ప్రచారం చేశారు. సంఘం శాఖలు బెంగళూరు, తిరుపత్తూరు, సముద్రం దాటి రంగూను, దక్షిణాఫ్రికాలోని నాటాల్ దాకా వెళ్లాయి. కూలీలు ఎక్కడికి వలస వెళ్తే పత్రిక అక్కడికి వెళ్లింది. మద్రాసులో కూర్చున్న పండితుడు రాసేవాడు, గనుల్లోంచి, ఓడరేవుల్లోంచి చందాలు వచ్చేవి. ఈ ఉద్యమానికి పోషకులు జమీందార్లు కారు, కూలీలు.

స్వదేశీ ఉద్యమం మీద ఆయనకు నమ్మకం లేదు. విదేశీ బట్టలు తగలబెట్టే పెద్దమనుషులు ముందు తమ ఊరి బావిని తెరవాలి కదా అన్నది ఆయన లెక్క. ఇంగ్లీషు ప్రభుత్వం పోతే అధికారం ఎవరి చేతికి వెళ్తుందో ఆయనకు స్పష్టంగా కనబడింది. బ్రిటిష్ పాలనను అవసరానికి మించి మెచ్చుకున్నారన్నది కూడా నిజం. కోలారు గనుల్లో ఆ ఇంగ్లీషు కంపెనీ దళిత కూలీల ఊపిరితిత్తులతో ఏం చేస్తున్నదో ఆయన పత్రికలో దక్కాల్సినంత చోటు దక్కలేదని మాకనిపిస్తుంది. కులం మీద అంత పదునుగా చూసిన కన్ను కంపెనీ మీద ఎందుకు మెత్తబడింది? ఆయన కోలారు పాఠకులే దానికి తర్వాత తమ పద్ధతిలో జవాబిచ్చారు. 1930లో వేలిముద్రలు వేసి పేర్లు నమోదు చేయించుకోవాలన్న కంపెనీ నియమానికి ఎదురుతిరిగి గనులన్నీ ఆపేశారు. తమను నేరస్థుల్లా చూడటానికి ఒప్పుకోలేదు. ఆత్మగౌరవం అన్న మాటను ఏళ్ల తరబడి విన్న జనం అది.

ఇంకొక సంగతి రాయకుండా ఈ వ్యాసం ముగించలేం. రాయడం కష్టంగానే ఉంది. అయోతీదాస్ పూర్వ బౌద్ధుల జాబితాలో అందరు అంటరానివాళ్లకూ చోటు లేదు. పారిశుద్ధ్య పని చేసే తోటీలను, చెప్పులు కుట్టే చక్కిలియర్లను, కురవర్లను తమవాళ్లతో కలిపి పంచములని ఒకే పేరు పెట్టడం ఆయనకు నచ్చలేదు. మేం వాళ్లలాంటి వాళ్లం కాదు అన్న ధ్వని ఆయన రాతల్లో పదేపదే వినబడుతుంది. చక్కిలియర్లంటే ఎవరు? ఇవాళ తమిళనాడులో అరుంధతీయర్లు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు, మన మాదిగలకు దగ్గరివాళ్లు. తమిళనాడులో అరుంధతీయ రచయితలు ఈ రాతలను బయటపెట్టి నిలదీశారు. అయోతీదాస్ అభిమానులు చాలామందికి కోపం వచ్చింది. ఆ కాలం అలాంటిదని కొందరు సర్దిచెప్పారు.

ఆ సర్దుబాటు మాకు సరిపోదు. వేష బ్రాహ్మణుడిని పట్టుకున్న కన్నుకు తన పక్క గుడిసెలోని మనిషి ఎందుకు కనబడలేదని అడిగే హక్కు అరుంధతీయులకు ఉంది, మాదిగలకు ఉంది. తమిళనాడు 2009లో అరుంధతీయులకు ఉప కోటా ఇచ్చినప్పుడు, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణను సమర్థించినప్పుడు, మన రెండు రాష్ట్రాల్లో జరిగిన వాదనలు గుర్తు తెచ్చుకోండి. మేం మేధావులం, మేం చరిత్ర ఉన్నవాళ్లం, మీరు తర్వాత వచ్చారు అన్న మాటలు ఎవరి నోట విన్నాం? మా బృందంలో మాలలూ ఉన్నారు, మాదిగలూ ఉన్నారు. అయోతీదాస్ రాతల్లో ఆ పేజీలు చదివిన రోజు మా మధ్య మాట పెగల్లేదు. తర్వాత రెండు రోజులు వాదించుకున్నాం. ఆ పేజీలను వదిలేసి ఆయన గురించి రాయకూడదని, ఆ పేజీల కోసం ఆయనను వదిలేయకూడదని చివరకు ఒప్పందానికి వచ్చాం. ఒప్పందమే అది, పరిష్కారం కాదు.

1914 మే 5న, అరవై తొమ్మిదో ఏడు నిండక ముందే, ఆయన మద్రాసులో కన్నుమూశారు. దాదాపు ఏడేళ్లు వారం వారం రాసిన మనిషి. పత్రికను పెద్దకొడుకు పట్టాభిరామన్ కొంతకాలం నడిపాడు, తర్వాత ఆగిపోయింది. మళ్లీ 1926లో ప్రాణం పోసుకున్నది మద్రాసులో కాదు, చాంపియన్ రీఫ్‌లో. జి. అప్పాదురై సంపాదకుడు. 1930ల మధ్య దాకా తమిళన్ గనుల ఊరి నుంచే వెలువడింది. అప్పటికి పెరియార్ ఆత్మగౌరవ ఉద్యమం మొదలైంది, అప్పాదురై రెండు ఉద్యమాల మధ్య వంతెనలా నిలబడ్డాడు. అయోతీదాస్ పాత వ్యాసాలను చిన్న చిన్న పుస్తకాలుగా వేసింది కూడా ఇక్కడి సిద్ధార్థ పుస్తకశాలే. ఆయన మాట మద్రాసు గ్రంథాలయాల వల్ల కాదు, గని కార్మికుల వల్ల మిగిలింది. 1954లో అంబేడ్కర్ కేజీఎఫ్ వచ్చినప్పుడు ఆయనకు స్వాగతం చెప్పిన జనానికి బుద్ధుడు కొత్తవాడు కాదు. రిపబ్లికన్ పార్టీ అభ్యర్థులు ఈ ఊరి నుంచి అసెంబ్లీకి గెలిచారంటే దాని వెనక ఈ పునాది ఉంది.

మిగతా లోకం మాత్రం ఆయనను మరిచిపోయింది. ద్రావిడ ఉద్యమ చరిత్రలు ఆయన దగ్గర మొదలు కాలేదు, జాతీయోద్యమ చరిత్రల్లో ఆయనకు చోటు లేదు. తమిళన్ పాత సంచికలను అన్బు పొన్నోవియం అనే దళిత మేధావి దశాబ్దాల పాటు భద్రంగా దాచారు. ఆ కట్టల ఆధారంగా పరిశోధకుడు జి. అలోసియస్ 1998లో తమిళ బౌద్ధ ఉద్యమం మీద ఇంగ్లీషు పుస్తకం రాశారు, 1999 నుంచి అయోతీదాస్ రచనలను సంపుటాలుగా తెచ్చారు. అప్పుడే లోకం ఉలిక్కిపడింది. 2005లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వచ్చింది. అప్పటికి గనులు మూతపడి నాలుగేళ్లు.

ఇవాళ మారికుప్పంలో దిగితే సైనైడ్ గుట్టలు కనబడతాయి. గాలి వీచినప్పుడు ఆ బూడిదరంగు పొడి ఇళ్లలోకి వస్తుంది. షాఫ్టుల మీది ఇనుప చట్రాలు తుప్పుపట్టాయి. కార్మికుల వరస ఇళ్లలో ఇంకా జనం ఉన్నారు, చాలా ఇళ్లకు పట్టాల తగాదా తేలలేదు. చిత్తూరు జిల్లా వైపు బిసానత్తం గని కూడా అదే రోజుల్లో మూతపడింది, అక్కడి కుర్రాళ్లూ ఇదే నగరం బాట పట్టారు. సాయంత్రం మేం బెంగళూరు వెళ్లే బండి ఎక్కాం. మా ఎదురు సీట్లో ఒకమ్మాయి నర్సింగ్ పుస్తకం చదువుకుంటూ ఉంది. రాత్రి డ్యూటీకి వెళ్తోందట. వాళ్ల ముత్తాత చాంపియన్ రీఫ్‌లో పనిచేశాడని, ఇంట్లో గోడకు పాత బుద్ధుడి పటం ఒకటి ఉందని, అది ఎవరు తెచ్చారో తమ అమ్మకు కూడా తెలియదని చెప్పింది. అయోతీదాస్ పేరు చెబితే ఫోన్‌లో రాసుకుంది. బంగారుపేటలో జనం తోసుకుంటూ ఎక్కేసరికి పుస్తకం మూసి, పక్కన నిలబడ్డ ముసలావిడకు సీటిచ్చి లేచింది.